మంగ్లీ ఎడమ చేయి

రిపోర్టు నా సంచిలో ఉంది. దాన్ని చదివి చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు, నేనే చాలు. మూడేళ్ళుగా హైదరాబాదు ల్యాబులో నేను చూస్తున్నవి ఆ కణాలే. చర్మ క్యాన్సర్. మా పెద్దమ్మ మంగ్లీ ఎడమ చేతికి, మోచేతికీ భుజానికీ మధ్య.

అది రెండువేల పదకొండు, సెప్టెంబరు నెలాఖరు ఆదివారం. సకల జనుల సమ్మెకు పదమూడో రోజు. బస్సులు లేవు. రెండు రోజులుగా జనం పట్టాల మీద కూర్చోవడంతో రైళ్ళూ లేవు. తెల్లవారుజామున ఉల్లిగడ్డల లారీ ఎక్కి జనగామ దాకా వచ్చాను. అక్కడ రోడ్డు మధ్యలో వంటావార్పుకు పొయ్యిరాళ్ళు పేరుస్తున్నారు. లారీ ఇక కదలదన్నారు. పెద్దమ్మ కొడుకు వీరేందర్ మోటార్ సైకిల్ మీద వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. అన్న భూపాలపల్లి బొగ్గు గనిలో ఫిట్టరు. గని కూడా సమ్మెలో ఉంది కాబట్టి ఇంటి దగ్గరే ఉన్నాడు. డోర్నకల్ పక్కనున్న మా తండాకు చేరేసరికి పదైంది. దారి పొడుగునా నా ఒళ్ళో ఒక ఐసు డబ్బా ఉంది. దాని సంగతి అన్న అడగలేదు, నేనూ చెప్పలేదు.

పెద్దమ్మ వాకిట్లో కూర్చుని మక్క కంకులు వలుస్తోంది, కుడిచేత్తోనే. ఎడమ చేయి ఒళ్ళో పడేసి ఉంది. నాకు ఏడేళ్ళప్పుడు అమ్మ పోతే, తన చెల్లెలి బిడ్డనని నన్ను తెచ్చుకుని పెంచింది ఈమె. ఆ చేత్తోనే నా జుట్టు పట్టుకుని తల దువ్వేది. ఇప్పుడు ఆ చేతి దగ్గరికి వెళ్తే వాసన.

ఇరవై ఐదేళ్ళ కింద తారురోడ్డు కూలికి పోయినప్పుడు మరిగే తారు ఒలికి ఆ చేయి కాలింది. మచ్చ మిగిలింది. ఆ మచ్చ మీదే గాజులు. మా లంబాడీ ఆడవాళ్ళు పెళ్ళినాడు మోచేతి పైన వరసగా తొడుక్కునే తెల్లటి గట్టి ప్లాస్టిక్ గాజులు అవి. ఒకసారి ఎక్కితే దిగవు. మొగుడు పోయిన రోజు కోసేస్తారు, అంతే. అవి ఇరవై ఐదేళ్ళు ఆ మచ్చను రాస్తూనే ఉన్నాయి. రెండేళ్ళ నుంచి కింద పుండు పుట్టి మానడం లేదు. గాజుల కింద పాతగుడ్డ కుక్కి ఎవరికీ చెప్పకుండా తిరిగింది. ఆగస్టులో తీజ్ పండుగకు వచ్చినప్పుడు నాకు వాసన తగిలింది. కింది గాజును దాటి బయటికి వచ్చిన అంచు నుంచి మానుకోట డాక్టరు విద్యాసాగర్ చిన్న ముక్క తీశాడు. దాని రిపోర్టే నా సంచిలో ఉన్నది.

"తిన్నవా బిడ్డా?" అంది పెద్దమ్మ.

"తర్వాత తింట. లే, దవాఖానకు పోదాం. అది క్యాన్సరే."

ఆమె చేతిలో కంకి ఆగింది. మళ్ళీ కదిలింది. "అనుకున్న" అంది.

"విద్యాసాగర్ డాక్టరు రెండింటికి ఆపరేషన్ చేస్తనన్నడు. మత్తు ఇచ్చే డాక్టరు ఖమ్మం నుంచి మానుకోటల అత్తగారింటికొచ్చి ఇర్కవడ్డడు. రేపు రైళ్ళు నడిస్తే పోతడు. మల్ల ఎన్నడొస్తడో తెల్వది. చంకల గడ్డలు కాకముందే తియ్యాలె పెద్దమ్మా. అయినంక తీస్తే చెయ్యి మొత్తం పోతది, చెయ్యి పోయినా పాణం దక్కుతదో లేదో."

"పోదాం. నేను వద్దన్ననా?"

"గాజులు కోయాలె."

ఆమె నా వైపు చూసింది. "మీ పెద్దబాపు పట్టాల మీద కూసున్నడు. పోలీసోళ్ళు చుట్టు ఉన్నరు. నిరుడు మానుకోట స్టేషన్ కాడ జనం మీద తుపాకులు పేలినయి, నీకెర్కనే. ఇయ్యాలనే కోయాల్నా నా గాజులు?"

"కుడిచేతివి ఉంటయి గద!"

"సగం ముత్తైదువ ఉంటదా ఎక్కడన్న?"

నాకు కోపం నషాళానికి అంటింది. నా కోపం తండాలో అందరికీ తెలిసిందే. గాజు కోస్తే మనిషి పోతాడని ఏ పుస్తకంలో ఉందని అరిచాను. పుస్తకాల సంగతి నీకు తెలుసు, నా మొగుడు లింగ్యా సంగతి నాకు తెలుసు అంది పెద్దమ్మ. కోడలు లత గడపలో నిలబడి, "అత్తా, జర ఇను" అంది. పెద్దమ్మ వినలేదు. చివరికి ఒక మాట చెప్పింది. పెద్దబాపు వచ్చి ఎదురుగా కూర్చుంటే, ఆయన బతికున్నాడని కళ్ళారా చూస్తూ ఉంటే, అప్పుడు కోయనిస్తుందట.

"గంతేనా? తోల్కొస్త" అన్నాను. వీరేందర్ నా మొహం వంక జాలిగా చూశాడు. ఆ జాలి ఎందుకో స్టేషన్‌కు పోయాక తెలిసింది.

డోర్నకల్ స్టేషన్‌కు కాస్త ఇవతల పట్టాల మీద రెండు మూడు వందల మంది ఉన్నారు. మా తండా వాళ్ళు ఒక చోట, రైతులు ఒక చోట, ఉద్యోగులు ఒక చోట. ఎండ మాడ్చేస్తోంది. కట్ట కింద పోలీసులు లాఠీలు, డాళ్ళు పట్టుకుని వరసగా నిల్చున్నారు. పొద్దున ఒకసారి తోపులాట జరిగిందట. ఒకరి తల పగిలిందని, ఇంకోసారి లేపడానికి వస్తారని చెప్పుకుంటున్నారు. పెద్దబాపు లింగ్యా పట్టా మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మెడలో గులాబీ కండువా.

నేను చెప్పింది అంతా విన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "కోయమను. నేను చెప్పిన్నని చెప్పు."

"నువ్వొస్తేనే కోయనిస్తదట."

"సాయంత్రం ఆరు దాక లేవనని అందరి ముంగట ఒట్టు పెట్టిన బిడ్డా. పొద్దున పోలీసోళ్ళు లాగినా లేవలే. నేను లేస్తే తండా లేస్తది. తండా లేస్తే వెనకున్నోళ్ళు లేస్తరు."

"రెండింటికి ఆపరేషన్!"

"నా ఒట్టు..."

"నీ ఒట్టు పెద్దమ్మను మింగుతది" అన్నాను. పెద్దవాణ్ణి అనకూడని మాటే. అనేశాను. ఆయన తల దించుకున్నాడు కానీ లేవలేదు. అప్పటికి పన్నెండు దాటింది. ఒకరు గాజుల కోసం, ఒకరు ఒట్టు కోసం. ఈ ఇద్దరి మధ్య ఆ పుండు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. అది ఎట్లా తింటుందో, ఎంత తొందరగా పెరుగుతుందో నేను మైక్రోస్కోపు కింద చూశాను. పట్టాల పక్కన కంకర మీద కూర్చుని ఏడ్చాను.

వీరేందర్ బండి తీసుకుని వెళ్ళాడు. అరగంటలో వెనక్కి వచ్చాడు. బండి మీద పెద్దమ్మ ఉంది.

ఆమె దిగి, కట్ట ఎక్కి, జనం మధ్య నుంచి నడిచి వచ్చి పెద్దబాపు పక్కన పట్టా మీద కూర్చుంది. "నువ్వు లేవవు గద. నేనే వచ్చిన" అంది. కుడిచేత్తో ఆయన మణికట్టు పట్టుకుంది. ఎడమ చేయి నా వైపు చాపింది. "ఇగ కోయుండ్రి. నా చేతిల ఈయన నాడి కొట్టుకుంటనే ఉండాలె."

కోయడానికి మా దగ్గర ఏముంది? నేను తెచ్చిన కత్తెర ఆ గాజు మీద గీత కూడా పెట్టలేకపోయింది. పక్కనే నిలబడి చూస్తున్న గ్యాంగ్‌మన్ సోమనర్సయ్య తన పెట్టెలోంచి ఇనుము కోసే రంపపు బ్లేడు తీశాడు. ముప్పై ఏళ్ళుగా పట్టాల మీద పని చేస్తున్న మనిషి. "అవ్వా, కదలకు" అన్నాడు. గాజుకీ చర్మానికీ మధ్య రేకు ముక్క దూర్చి, నన్ను నీళ్ళు పోస్తుండమని, మెల్లగా కోయడం మొదలుపెట్టాడు. కాలిన ప్లాస్టిక్ వాసన, దాని కింద నుంచి ఆ రెండో వాసన. పెద్దమ్మ పళ్ళు బిగబట్టి మొగుడి మొహమే చూస్తోంది. మొదటి గాజు తెగి కంకరలో పడింది. రెండోది, మూడోది.

నాలుగో గాజు పడినప్పుడు సక్రి వచ్చింది. ఆమె పెద్దబాపు అక్క, డెబ్బై దాటిన మనిషి. నీళ్ళ బిందె మోసుకుని ఆ చివర నుంచి వస్తోంది. అప్పటిదాకా ఏం జరిగిందో ఆమెకు తెలియదు. చుట్టూ జనం, మధ్యలో తమ్ముడి పెళ్ళాం, కంకరలో తెగిన గాజులు. అంతే చూసింది. బిందె చేతిలోంచి జారింది. గుండె బాదుకుంటూ తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచి ఏడుపు ఎత్తుకుంది. చచ్చినవాడికి ఏడ్చే ఏడుపు అది. మా ఆడవాళ్ళకు అది ఒక్క గొంతుతో ఆగదు. వెనకున్నవాళ్ళు అందుకున్నారు. వాళ్ళ వెనకున్నవాళ్ళూ అందుకున్నారు.

"అక్కా, నేనీడనే ఉన్ననే" అని పెద్దబాపు అంటూనే ఉన్నాడు. వినేవాళ్ళు ఎవరు?

ఆ చివరన మాట మారిపోయింది. "లింగ్యా సచ్చిండట!" "పోలీసోళ్ళే సంపిండ్రు!" క్షణంలో కుర్రవాళ్ళు కంకర రాళ్ళు చేతుల్లోకి తీసుకున్నారు. కట్ట కింద డాళ్ళు ఒక్కసారిగా లేచాయి. ఒక రాయి ఎగిరి డాలుకు తగిలింది. ఎవరో ఆఫీసరు విజిల్ ఊదాడు. సోమనర్సయ్య చేయి ఆగలేదు, కానీ ఆయన నుదుటి నుంచి చెమట ధారగా కారుతోంది. నేను నీళ్ళ చెంబు పట్టుకుని బిగుసుకుపోయాను. ఇక్కడ తుపాకీ పేలితే అది నా రిపోర్టు వల్లే పేలినట్టు అనుకున్నాను.

పెద్దమ్మ పెద్దబాపు మణికట్టు వదిలేసింది. "లే" అంది. "నువ్వు లేస్తె గాని ఎవలు నమ్మరు. లే!"

పెద్దబాపు లేచాడు. పొద్దున లాఠీలు లేపలేని మనిషి గబగబా లేచి, కండువా తీసి ఊపుకుంటూ డాళ్ళకూ రాళ్ళకూ మధ్యకు పరిగెత్తాడు. "నేనే! నేనే లింగ్యాను! సచ్చిండన్నది నన్నే! సూడుండ్రి, బతికే ఉన్న! రాళ్ళు కింద పడేయుండ్రి!" అరిచి అరిచి గొంతు పోయింది. ముందు వరసలో ఒకడు నవ్వాడు. ఆ నవ్వుకు మిగతావాళ్ళ చేతులు కిందికి దిగాయి. సక్రి పరిగెత్తుకొచ్చి తమ్ముడి చెంపలు తడిమి, ఆనక రెండు చెంపలూ వాయించింది. డాళ్ళు కూడా మెల్లగా దిగాయి.

నేను వెనక్కి తిరిగి చూసేసరికి ఎనిమిది గాజులూ కంకరలో ఉన్నాయి. పెద్దమ్మ చేయి బోసిగా ఉంది. పుండు నేను అనుకున్నదానికి రెండింతలుంది.

తండా లేవలేదు. పెద్దబాపు వచ్చి తన చోట కూర్చోబోతే, పక్కనున్నవాళ్ళే, "మేం ఉన్నం గదనే, నువ్వు పో" అని తోశారు. వీరేందర్ బండి మీద పెద్దమ్మ, నేను. ఇంకెవరి బండి మీదో పెద్దబాపు. మానుకోట చేరేసరికి రెండున్నర. మత్తు డాక్టరు గడియారం చూసుకుంటూ ఉన్నాడు.

నర్సు కాగితం తెచ్చి పెద్దబాపు చేతికి ఇచ్చింది. వేలిముద్ర వేయమంది. పెద్దమ్మ మంచం మీద నుంచే, "చెయ్యి నాది. ఇటియ్యి" అంది. తనే వేసింది.

అప్పుడు నా సంచిలోని రెండో కాగితం తీయాల్సి వచ్చింది. అది నా చదువుది, ముక్క ఇవ్వడానికి ఒప్పుకోలు కాగితం. కాలిన మచ్చలో పుట్టిన క్యాన్సర్ ముక్క తాజాగా, ఐసులో దొరకడం అరుదు. దొరికితే తెమ్మని మా ల్యాబు మేడం చెప్పింది. నిజం చెప్పేస్తాను. ఉల్లిగడ్డల లారీలో వచ్చినప్పుడు నేను ఒక్క పెద్దమ్మ కోసమే రాలేదు. ఆ ముక్క కోసం కూడా వచ్చాను. పెద్దబాపుతో వేలిముద్ర వేయించుకుంటే సరిపోతుందని మనసులో అనుకున్నాను కూడా.

"గదేంది?" అంది పెద్దమ్మ.

చెప్పక తప్పలేదు. మా ఇంటి మాటలో దానికి పదాలు లేవు. తెలుగులోనూ నాకు సరిగ్గా దొరకలేదు. చర్మంలో కణాలు ఉంటాయని, ఒక్కోదానికి ఒక గోడ ఉంటుందని, ఆ గోడలో నీళ్ళు లోపలికి పోయే సన్నటి దారులు ఉంటాయని చెప్పాను. అందులో ఒక రకం దారి నీళ్ళతో పాటు నూనెలో ఉండే ఒక సారాన్ని కూడా లోపలికి లాగుతుంది. అది కణానికి తిండి. మంచి చర్మానికి ఆ దారులు కావాలి, అవి లేకపోతే చర్మం ఎండిపోతుంది. క్యాన్సర్ కణం మాత్రం అవి మరీ ఎక్కువగా పెట్టుకుని, తెగ తిని, తెగ పెరుగుతుంది.

"దారులు మూస్తే పుండు మాడుతదా?"

"ఎలుకలల్ల చూసిండ్రు. ఆ దారి లేకుండ పుట్టించిన ఎలుకలకు అసొంటి కంతులు రాలే. మనుషులల్ల ఇంక తెల్వది. అది తెలుసుకుందామనే."

"నాకు పనికొస్తదా?"

అబద్ధం చెప్పి ఉంటే సరిపోయేది. "రాదు పెద్దమ్మా. నీకు రాదు. ముందుముందు ఎవలకన్న రావచ్చు."

"మొన్న తీసిన ముక్కల గూడ చూసినవా గా దారులు?"

"చూసిన. నిండ ఉన్నయి."

"నన్ను అడగలే."

"అడగలే" అన్నాను. అప్పుడు ఆ ముక్కకు పెద్దబాపు వేలిముద్ర తీసుకున్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయన గోడ వైపు చూస్తూ నిల్చున్నాడు.

మత్తు డాక్టరు తలుపు దగ్గర దగ్గాడు. "ఇయ్యాల వద్దు బిడ్డా" అంది పెద్దమ్మ. "ఇయ్యాల నా ఒంటి మీదికెల్లి మస్తు తీసిండ్రు. ఇగ ఇయ్య." కోపంగా అనలేదు. అలసటగా అంది. వాళ్ళు మంచం తోసుకుంటూ లోపలికి తీసుకుపోయారు.

నాకు కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. ఒక్క గోరంత ముక్క. చెత్తబుట్టలో పోయేదే. మూడేళ్ళ చదువు. ఆ కోపంతోనే గంటన్నర వరండాలో తిరిగాను.

విద్యాసాగర్ డాక్టరు తొడుగులు విప్పుకుంటూ బయటికి వచ్చాడు. "మంచిగైంది. చుట్టూ బాగనే వదిలి తీసిన. చంకల చేతికి గడ్డలేం తగలలే. తొడ మీదికెల్లి చర్మం తీసి అతికిచ్చిన. చెయ్యికి ఢోకా లేదు" అన్నాడు. నేను బల్ల మీద కూలబడ్డాను. ఆయన లోపలికి రమ్మని సైగ చేశాడు. పళ్ళెంలో తీసిన ముక్క ఉంది, నా అరచేయంత. పక్కనే ఫార్మలిన్ సీసా మూత తీసి ఉంది. అందులో వేసిన ముక్క పరీక్షకు పనికొస్తుంది, నా చదువుకు పనికిరాదు.

"నీ డబ్బ ఏది? ఓ మూల కోసిస్త, దీనికేం ఫరక్ పడది."

"వద్దన్నది డాక్టర్ సాబ్."

"మత్తుల ఉన్నది. ఆమెకేం ఎర్కైతది?"

ఇంతకంటే తాజా ముక్క నా జన్మలో దొరకదు. నిమిషం దాటితే పాడవడం మొదలవుతుంది. నా చేయి డబ్బా పిడి మీదే ఉంది. మొన్న అడక్కుండా చూసిన దానికి ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తీసుకునేదాన్నేమో. "అంత సీసలనే ఎయ్యుండ్రి సార్" అన్నాను. ఆయన భుజాలెగరేసి, ముక్క మొత్తం సీసాలో వేసి మూత బిగించాడు. నేను బయటికి వచ్చేశాను.

వరండాలో పెద్దబాపు నిల్చుని ఉన్నాడు. డాక్టరు చెప్పింది మళ్ళీ నాతో చెప్పించుకున్నాడు. రెండుసార్లు. మూడోసారి చెప్తుంటే కండువాలో మొహం దాచుకుని ఏడ్చాడు. ఏడుపు తగ్గాక అడిగాడు.

"బిడ్డా, నేను బతికే ఉన్న గద. మానినంక చేతికి మల్ల గాజులు ఏపిద్దామా?"

"నన్నెందుకు అడుగుతున్నవ్ పెద్దబాపూ?" అన్నాను. "లోపల మెలకువైతున్నది. పోయి ఆమెనడుగు."